అమ్మ చూస్తున్న వైపు

స్క్రీన్ మీద నాన్న పెదవి కొసని ఇంకో వెంట్రుకవాసి పైకి లాగాను. అంతకంటే లాగితే ఎవర్నో ఎగతాళి చేస్తున్నట్టుంటుంది, లాగకపోతే అప్పుడే ఎవరితోనో గొడవపడి వచ్చినట్టుంటుంది, ఈ రెండిటికీ మధ్య ఎక్కడో ఆయన నవ్వు ఉండి తీరాలి, ఉంటుంది, ఊరందరి మొహాలూ దిద్దిన చేతులివి, మొటిమలు తీశాను, మెల్లకన్ను సరిచేశాను, రెప్పవాల్చిన పెళ్ళికొడుకు చేత కళ్ళు తెరిపించాను, కన్నతండ్రి మూతి కాస్త విప్పలేనా. బాబాయి ఇందాకే ఫోన్ చేశాడు, బస్సెక్కామని, అమ్మకి కిటికీ పక్క సీటు దొరికిందని, గంటలో స్టూడియోలో ఉంటామని. గంట. ఈలోపు నాన్న నవ్వుతూ అమ్మ పక్కన నిలబడాలి. మొన్న వానాకాలంలో పోయిన మనిషి, ఇదే గదిలో, ఈ లైటు స్టాండు మర బిగిస్తూ బిగిస్తూ, "ఆ తెల్లగొడుగు కాస్త ఇటు తిప్పవే, వెలుగు మెత్తగా పడుతుంది" అని నాకు చెబుతూ చెబుతూ కూలబడిపోయిన మనిషి. నేను గొడుగు తిప్పి చూసేసరికి అంతా అయిపోయింది. ఆ స్టాండు ఇంకా అక్కడే ఉంది, సగం బిగించిన మరతోనే, నేను జరపలేదు, దాని చుట్టూ తిరిగి వెళ్ళడం అలవాటైపోయింది.

అమ్మ అడిగింది ఇంతే. నాన్న పోయాక బాబాయి వాళ్ళింట్లోనే ఉంటోంది, ఊరికి ఆ చివర. పోయిన నెల చూడ్డానికి వెళ్తే వంటింట్లో గట్టు తుడుస్తూ, నా వైపు తిరక్కుండానే, అగ్గిపెట్టె ఎక్కడ పెట్టావని అడిగినంత మామూలుగా అంది. "మీ నాన్న మొహం నాకు గుర్తు రావట్లేదే." అదేం మాటమ్మా అని నవ్వేశాను. "నిజమే చెప్తున్నా. గొంతు వినిపిస్తుంది. దగ్గు వినిపిస్తుంది. గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడు కూడా. కళ్ళు మూసుకుని మొహం చూద్దామంటే మాత్రం ఆ కార్డులో మొహమే వచ్చి కూర్చుంటోంది. ఆ కోపిష్టి ఎవడో నాకు తెలీదు. ఇన్నేళ్ళు నేను కాపురం చేసింది వాడితో కాదు." గుడ్డ పిండింది, ఆరేసింది, మళ్ళీ తీసి మళ్ళీ పిండింది, అందులో నీళ్ళేం లేవు. "నీకు చేతనవునుగా, అందరికీ చేస్తావుగా, ఆ పాత గ్రూపు ఫొటోలో నా పక్కన నిలబెట్టు. నవ్వుతూ. ఒక్కసారి చూస్తే చాలు, గుర్తొచ్చేస్తుంది." ఒక్కసారి చూస్తే చాలట. చిన్నపిల్లలు అడిగినట్టు అడిగింది, అడగడం కూడా తప్పేమో అన్నట్టు మళ్ళీ గట్టు తుడవడం మొదలుపెట్టింది, నేను సరేనని తలూపాను, తలూపితే వెనక్కి తిరిగిన మనిషికి కనబడదని కూడా తోచలేదు.

ఆ కార్డు మొహం డ్రైవింగ్ లైసెన్సుది. ఫొటోగ్రాఫరు ఇంట్లో ఫొటోగ్రాఫరు ఫొటో లేదంటే ఎవరు నమ్ముతారు, నాన్న పోయినప్పుడు పేపర్లో వేయడానికి ఫొటో అడిగినాయన నమ్మలేదు, సరిగ్గా వెతకండమ్మా అన్నాడు. ఇల్లంతా వెతికాం. బీరువాల నిండా ఊరివాళ్ళే, ఎవరెవరి పెళ్ళిళ్ళో, ఎవరెవరి పిల్లలో, మేమూ ఉన్నాం, నేను పళ్ళూడి, నేను జడలేసుకుని, నేను అలిగి, నాన్న లేడు. ఆఖరికి పర్సులో లైసెన్సు దొరికింది. అది తీయించుకున్న రోజున ఆ ఆఫీసులో గుమాస్తాకీ నాన్నకీ మాటామాటా పెరిగిందట. లైటు నెత్తి మీంచి పడుతోంది బాబూ, కళ్ళు గుంటల్లా వస్తాయి, ఆ పరదా కాస్త జరుపు అని నాన్న. గడ్డం పైకెత్తండి, వెనకాల లైనుంది అని ఆయన. పరదా జరగలేదు, గడ్డం లేచింది, క్లిక్. నాన్నకి కోపం వచ్చేదే ఎప్పుడో, ఆ కాస్తా దొరికిపోయింది. దాన్నే పెద్దది చేయించి గోడకి తగిలించాం, వచ్చినవాళ్ళంతా దాన్నే చూశారు, అమ్మ పొద్దున్నా సాయంత్రం దాన్నే చూసింది, చూసి చూసి అసలు మనిషిని ఆ కాగితం కప్పేసింది. ఇప్పుడు నా దగ్గరున్నదీ ఆ మొహమే, ఇంకోటి లేదు. దాన్నే వంచుతున్నాను. గడ్డం దించాను, కళ్ళ కింద నలుపు తీశాను, ఇదిగో ఇప్పుడు పెదవి. నేను తప్పుగా నవ్విస్తే ఇదీ వెళ్ళి అమ్మ బుర్రలో కూర్చుంటుంది. కార్డు కప్పేసినట్టే ఇదీ కప్పేస్తుంది, ఇంక అసలుది ఎప్పటికీ రాదు, అమ్మకి మిగిలేది నా మౌస్ గీసిన నాన్న. అది తల్చుకుంటే చెయ్యి ఆగిపోతోంది, ఆగితే గంట కరిగిపోతోంది.

పరాయివాళ్ళకి ఎంత ధైర్యంగా చేస్తానో. లేనివాళ్ళని ఉన్నవాళ్ళ పక్కన పెట్టడమే ఈ స్టూడియోకి ఇప్పుడు సగం తిండి పెడుతోంది. డ్యూటీ పడి రాలేకపోయిన అల్లుడు, కాన్పుకి ఆసుపత్రిలో ఉండిపోయిన కూతురు, మనవరాలు పుట్టకముందే పోయిన తాత, అందర్నీ తెచ్చి వరసలో నిలబెడతాను. స్క్రీన్ మీద ఒక గాజుపలక పైన ఇంకో గాజుపలక పెట్టినట్టు, కింద పలక మీద గ్రూపు, పైపలక మీద రానివాడు, అంచులు చెరిపేస్తే ఇద్దరూ ఒకే గాలి పీల్చినట్టుంటుంది. మనిషిని తేవడం తేలికే, నేల మీద నిలబెట్టడమే కష్టం, కాళ్ళ కింద నీడ పడకపోతే ఎంత బాగా అతికించినా గాల్లో వేలాడతాడు. ఒకసారి ఓ ఆఫీసు ప్యూన్ వచ్చాడు, పెద్దాయన, రిటైరయ్యే రోజున తీసిన గ్రూపు ఫొటో పట్టుకుని. ఆయన రిటైరవుతున్నందుకే ఆ ఫొటో, అందులో ఆయన లేడు. "టీ తేవడానికి వెళ్ళానమ్మా," అన్నాడు, తప్పంతా తనదే అన్నట్టు. "నేను వచ్చేలోపు తీసేశారు. టీలు కూడా చల్లారిపోయాయి." మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెడతానన్నాను, నాకు ఒళ్ళు మండింది మరి. వద్దు వద్దని చేతులూపాడు. "మధ్యలో పెట్టకమ్మా, మా ఇంట్లోవాళ్ళు నమ్మరు. ఆ చివర, స్తంభం పక్కన పెట్టు." స్తంభం పక్కనే పెట్టాను. చేతిలో ట్రే లేకుండా పెట్టాను, ఆ మాత్రం నా ఇష్టానికి వదిలేశాడు. ఆ ఫొటో చూసుకుని ఎంత మురిసిపోయాడో, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. అబద్ధమని తెలిసి కూడా మనిషి అంత సంతోషపడగలిగినప్పుడు అమ్మ ఎందుకు పడదు, పడుతుంది, పడాలి. కానీ ఆయన తన మొహం మర్చిపోయి రాలేదు.

ఎడమ కన్ను కాస్త చిన్నది చేశాను. నాన్నకి ఎడమ కన్ను చిన్నదా, కుడిదా. ఇదిగో, నాకే తెలియడం లేదు. ఎడమ కన్నే మూసేవాడు కెమెరా పెట్టుకున్నప్పుడు, మూసి మూసి ఆ కన్ను చుట్టూ ముడతలు ఎక్కువ, అంటే అదే చిన్నదయ్యుండాలి. కార్డులో రెండూ ఒకేలా ఉరిమి చూస్తున్నాయి. ఇంకెక్కడైనా ఉన్నాడా అని వెతకని చోటు లేదు. నాన్న తీసిన పెళ్ళి ఫొటోల్లో అద్దాలున్నవన్నీ ఏరాను, ఆడపిల్లల్ని ముస్తాబు చేసే గదుల్లో నిలువుటద్దాలుంటాయి కదా, వాటిలో నాన్న ఉన్నాడు, నిజమే, చొక్కా ఉంది, చేతులున్నాయి, మొహం ఉండాల్సిన చోట తెల్లటి ఫ్లాష్ వెలుగు. ప్రతి అద్దంలోనూ అంతే. బాబాయి ఫోన్లో ఒక వీడియో ఉంది, అందులో నాన్న గొంతే, జరగండి జరగండి, తలలు దగ్గరికి పెట్టండి అని, ఆఖర్న ఒక వేలు అడ్డం పడుతుంది. నేను బలవంతాన దిగిన సెల్ఫీలో నుదురు మాత్రం వచ్చింది. ఫోన్ అందరి చేతుల్లోకీ వచ్చాక కూడా ఎవరైనా ఎత్తితే లాక్కునేవాడు, "నువ్వెళ్ళి వాళ్ళ పక్కన నుంచో, నేను తీస్తా." అదో పిచ్చి అనుకునేవాళ్ళం. ఊరికే పుట్టిన పిచ్చేం కాదు, దానికి మూలపురుషుడు బాబాయి.

ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నామో ఆ సంగతి. అమ్మా నాన్నల పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో, మెట్ల మీద ఫొటోలు, కెమెరా నాన్నది, పెళ్ళికొడుకు తన ఫొటో తాను తీసుకోలేడు కాబట్టి బాబాయి చేతికిచ్చాడు. బాబాయికి అప్పుడు మూతి మీద మీసం కూడా సరిగ్గా రాలేదు, కొమ్ములొచ్చినంత సంబరం. రీలు తనే ఎక్కించాడు. తీశాడు, తీశాడు, తీస్తూనే ఉన్నాడు, రీలుకుండే ముప్పయ్యారూ దాటినా అది అవ్వలేదు, అదృష్టం కలిసొచ్చింది, కంపెనీవాడు పొరపాటున పెద్ద రీలు ఇచ్చాడనుకుని ఎవరికీ చెప్పకుండా లోలోపల మురిసిపోతూ ఇంకా తీశాడు. రీలు కొస పళ్ళచక్రానికి పట్టుకోనేలేదు. మీట తిప్పిన ప్రతిసారీ చక్రం ఒట్టిదే తిరిగింది, రీలు డబ్బాలోంచి ఇవతలికి రానేలేదు. నాన్న డార్క్‌రూములో కడిగి ఎత్తి చూస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా గాజులా ఏమీ లేదు. బయటికొచ్చి ఒక్క మాట అనలేదట. బాబాయి బిక్కమొహం చూసి నవ్వాడట. అమ్మ మాత్రం ఇప్పటికీ, "మా పెళ్ళి జరిగిందనడానికి ఆ ఆఫీసువాళ్ళ సంతకాలే దిక్కు, మీ బాబాయి దయ" అంటుంది. అంతే, ఆ రోజు తర్వాత నాన్న కెమెరా ఎవరి చేతికీ ఇవ్వలేదు. అమ్మా నాన్న కలిసి ఉన్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు, ఇది అవుతుంది మొదటిది, నేను చెయ్యగలిగితే.

అందుకే కాబోలు, ఒళ్ళు కావాలి బాబాయ్ అని అడిగితే నిన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. లైసెన్సులో భుజాల దాకానే ఉంది కదా, కింది మనిషి కావాలి, నాన్న పొడుగూ బాబాయి పొడుగూ ఒకటే. నాన్న నీలం చొక్కా తెచ్చాను. వేసుకుని తెర ముందు నిలబడ్డాడు, మొహం గంభీరంగా పెట్టాడు, "తల లేకుండా ఫొటో దిగడం నాకిదే మొదలే," అన్నాడు, నేను నవ్వాను. గుండీలు పెట్టుకుంటూ చొక్కా వాసన చూశాడు, నేను చూడలేదనుకున్నాడు. అలా తిన్నగా నిలబడితే నాన్నలా లేదు, ఏదో తేడాగా ఉంది, ఏమిటో పట్టుకోలేకపోయాను, బాబాయే అన్నాడు, "అన్నయ్యకి కుడి భుజం దిగి ఉండేది కదే, ఆ బ్యాగు మోసి మోసి." అని తన కుడి భుజం దించాడు. నేను కెమెరాలోంచి చూస్తున్నాను, తల ఫ్రేములో లేదు, మెడ దాకానే. నాన్న నిలబడి ఉన్నాడు. నా వేలు పనిచేయలేదు. బాబాయి అలాగే భుజం దించుకుని నిలబడ్డాడు, తియ్యవే, తియ్యవే అంటున్నాడు, నేను తీసేలోపు ఆ భుజం ఎక్కడ లేచిపోతుందోనని భయపడ్డట్టు బిగబట్టుకుని ఉన్నాడు. చివరికి తీశాను, తీశాక ఇద్దరం చాలాసేపు చొక్కా సంగతి మాట్లాడుకున్నాం, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోలేదని.

అప్పుడే అడిగాను, ఆ పాత గ్రూపు ఫొటో చూపించి, ఇందులో నువ్వెందుకు ఆవలిస్తున్నావని. ఈ స్టూడియో తెరిచిన రోజున మెట్ల మీద తీసింది. నాయనమ్మ కుర్చీలో, పక్క కొట్టు టైలరుగారు మెడలో టేపుతో, బాబాయి నోరంతా తెరిచి, అమ్మ, అమ్మ చంకలో నేను గుడ్లప్పగించి. అమ్మ పక్కన తెరిచిన తలుపు, ఆ తలుపులోనే ఇప్పుడు నాన్నని నిలబెట్టాను. అమ్మ నవ్వుతోంది, మామూలు నవ్వు కాదు, పళ్ళన్నీ కనబడేట్టు, ఒక చెయ్యి ముందుకు చాచి, ఎవరైనా జోకేశారేమో అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. "ఆవలింతేమిటే," అన్నాడు బాబాయి, "అరుస్తున్నాను. గుంట, గుంట అని." నాన్న కెమెరా కంటికి పెట్టుకుని వెనక్కి నడుస్తున్నాడట, ఇంకొంచెం, ఇంకొంచెం, బోర్డు కూడా రావాలి అంటూ. వెనకాల రోడ్డు పక్కన పైపుల కోసం తవ్విన గుంట. బాబాయి అరుస్తుండగానే ఒక కాలు మోకాలి దాకా బురదలో దిగిపోయింది. పడలేదు. కెమెరా గుండెల దాకా దించి, తల ఎత్తి మాకేసి చూసి, ఏమీ జరగనట్టు, "ఇది ట్రయలే, అసలుది తర్వాత" అన్నాడట. నాన్న ఎప్పుడూ అంతే, ట్రయలే అనగానే జనం బిగదీసుకున్న ఊపిరి వదిలేస్తారు, మొహాలు వాటంతటవి సర్దుకుంటాయి, దించిన చోటి నుంచే నొక్కేసేవాడు. అసలుది ఎప్పుడూ ఉండేది కాదు. అమ్మకి ఆ టక్కు తెలుసు, తెలిసి కూడా ప్రతిసారీ పడిపోయేది. ఆ రోజు ఒక కాలు గుంటలో పెట్టుకుని నొక్కాడు, అమ్మ చాచిన చెయ్యి ఆయన్ని పట్టుకోవడానికి, ఆపుకోలేక వచ్చిన నవ్వు ఆయన్ని చూసి. బాబాయి చెబుతుంటే ఇద్దరం పగలబడి నవ్వాం. నిన్న నవ్వొచ్చింది. ఇవాళ తలుపులో నాన్నని నిలబెట్టాక నవ్వు రావడం లేదు.

ఎందుకంటే అమ్మ అటు చూడడం లేదు. పొద్దుటి నుంచీ నా కళ్ళు నాన్న మూతి మీదే ఉన్నాయి, ఇప్పుడే దూరంగా జరిగి మొత్తం ఫొటో చూశాను. బూట్లు మెరుస్తూ, నీలం చొక్కా ఇస్త్రీ చెదరకుండా, నాన్న తలుపులో నిలబడి బుద్ధిగా నవ్వుతున్నాడు. పక్కనే అమ్మ చెయ్యి చాచి ఎదురుగా ఎవర్నో చూసి ఒళ్ళు మరిచి నవ్వుతోంది. నాయనమ్మ చూస్తోంది, టైలరుగారు చూస్తున్నారు, బాబాయి అరుస్తున్నాడు, నేను గుడ్లప్పగించాను, అందరం కెమెరాకి కాస్త పైకి, ఒకే చోటికి, నాన్న మొహం ఉన్న చోటికి. అక్కడ నాన్న లేడిప్పుడు, తలుపులోకి తెచ్చేశాను. మరి వీళ్ళంతా ఎవర్ని చూస్తున్నారు. అమ్మ ఎవరి కోసం చెయ్యి చాచింది. అమ్మ కళ్ళని పెద్దవి చేశాను, ఇంకా, ఇంకా, కంటిపాపలో ఎక్కడైనా ఆ మనిషి పడ్డాడేమో అని, పిచ్చిదాన్ని, పాత ఫొటో అది, మసక చుక్కలు తప్ప ఏముంటుంది. చుక్కల్నే చాలాసేపు చూశాను. తర్వాత ఇంకో పని చేశాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, పెళ్ళి ఫొటోల్లో దిక్కులు చూసేవాళ్ళ కళ్ళు తిప్పినట్టే అమ్మ కంటిపాపల్ని పక్కకి జరిపాను, తలుపు వైపు, నాన్న వైపు. అమ్మ నాన్నని చూసింది. ఎవరో పరాయి ఆడమనిషి పరాయి మగవాణ్ణి ఓరగా చూస్తున్నట్టుంది. వెంటనే వెనక్కి తెచ్చేశాను, కళ్ళు మళ్ళీ ఎటున్నవి అటు వెళ్ళాయి. అమ్మా, సారీ అన్నాను స్క్రీన్‌తో.

బయట బస్సు ఆగిన చప్పుడు, ఇది వాళ్ళది కాకూడదు, ఇంకో పావుగంట ఇవ్వు, తలుపులోంచి తీసేసి ఇంకెక్కడైనా, ముందు వరసలో, వెనక మెట్టు మీద, ఎక్కడ పెట్టినా అంతే, వాళ్ళందరి చూపులూ తప్పిపోతాయి, ఫొటోలో ఆయనకి చోటే లేదు, ఫొటో మొత్తం ఆయనదే కదా, ఆయన కళ్ళలోంచి కదా మేమందరం ఇలా ఉన్నది. ఇదంతా అమ్మకి ఎలా చెప్పను. ఆవిడ అడిగింది ఒక మొహం. కూతురు ఇంత చదువూ ఇంత పనీ నేర్చి ఒక మొహం ఇవ్వలేకపోయింది. మెట్ల మీద బాబాయి గొంతు వినిపించింది, "నిదానంగా వదినా, ఈ మెట్టు ఎత్తు." నేను లేవలేదు, స్క్రీన్ ఆపలేదు, కళ్ళు మాత్రం గట్టిగా తుడుచుకున్నాను.

అమ్మ జుట్టు శుభ్రంగా దువ్వుకుని వచ్చింది. పేరంటానికి వచ్చిన మనిషిలా గుమ్మంలో ఒక క్షణం ఆగింది, నాన్న పోయిన తర్వాత ఈ గదిలోకి రావడం ఇదే మొదటిసారి. లైటు స్టాండుని చూసింది, తనూ దాని చుట్టూ తిరిగే వచ్చింది. నా కుర్చీలో కూర్చోబెట్టాను. కళ్ళజోడు పెట్టుకుంది. చూసింది. నేను అమ్మ మొహాన్ని చూస్తున్నాను, బాబాయి నా మొహాన్ని చూస్తున్నాడు. అమ్మ వంగి దగ్గరగా చూసింది, కళ్ళజోడు తీసి చూసింది, మళ్ళీ పెట్టుకుంది. తెలియని మనిషి ఎదురైనప్పటిలాగా కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంది. అక్కడే నాకు అర్థమైపోయింది.

"బాగా చేశావే," అంది. "చొక్కా ఆయనదే. నిలబడడం కూడా."

"మరి మొహం?"

"మంచాయన లాగే ఉన్నాడు." నా చేతి మీద చెయ్యి వేసింది, నేను బాధపడతానని. "చాలా మంచాయన లాగే ఉన్నాడు. మీ నాన్న కాదులే."

నేను మౌస్ అందుకుని పైపలక తీసేశాను. తలుపు మళ్ళీ ఖాళీ. "పోనీలే, వయసు మీద పడింది, మర్చిపోక ఏం చేస్తాను," అని అమ్మ లేవబోయింది. ఆ పోనీలే అనడం నేను భరించలేకపోయాను. ఏం చేస్తున్నానో ముందే అనుకుని చేసింది కాదు, అమ్మని భుజాలు పట్టుకుని తీసుకెళ్ళి తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టాను, ఇప్పుడు నాకెందుకే ఫొటో అంటున్నా వినలేదు, లైటు వేశాను, నాన్న కెమెరా బీరువాలోంచి తీసి, ఆయన ఎప్పుడూ నిలబడే చోట, గచ్చు అరిగిన చోట, గుండెల దగ్గర పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ముందు కెమెరాని చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత నా మొహాన్ని కాదు, నా మొహం ఉన్న చోటుని చూడడం మొదలుపెట్టింది, అద్దం వెనకాల ఏముందో చూసేవాళ్ళలాగా, కనుబొమలు దగ్గరికి లాక్కుని, తల కాస్త పక్కకి వంచి.

"కొంచెం పక్కకి జరుగమ్మా," అంది.

"ఏం, లైటు కళ్ళల్లో పడుతోందా?"

"లైటు కాదే. అడ్డంగా ఉన్నావు."

నేను జరిగాను. అమ్మ కళ్ళు నాతో రాలేదు. అవి అక్కడే ఉన్నాయి, నేను వదిలిన ఖాళీలో, మనిషి ఎత్తున, కనుబొమలు మెల్లగా విడిపోయాయి, పెదవులు విడిపోయాయి, బయటికి వెళ్ళినవాళ్ళు గుమ్మంలో కనబడితే అన్నట్టు "ఆఁ" అంది చిన్నగా, తర్వాత నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు, తుడుచుకుంటే అడ్డమొస్తుందనేమో. బాబాయి గోడ వైపు తిరిగిపోయాడు. నా వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు, నొక్కితే ఖాళీ గదిని చూసి నవ్వుతున్న ఒక ముసలావిడ వస్తుంది, అంతే. అటు వైపు నేనూ చూశాను, నాకు ఏమీ కనబడలేదు, ఏడుపొచ్చింది. అమ్మ చూసినంతసేపూ మేమిద్దరం అడ్డం రాకుండా పక్కన నిలబడ్డాం.